గుడిసెకు కరువైన కిరసనాయిలు గాల్లో తగలబడుతోంది

కొండపల్లి అంటే బయటివాళ్ళకు బొమ్మలు, ఖిల్లా గుర్తుకొస్తాయి. లారీ డ్రైవరుకూ, క్లీనరుకూ మాత్రం కొండపల్లి అంటే ఆయిల్ డిపోలు. విశాఖ రిఫైనరీ నుంచి సికింద్రాబాదు దాకా 572 కిలోమీటర్లు భూమిలో పాతిన గొట్టం విజయవాడ మీదుగానే పోతుంది. ఇక్కడి ట్యాంకుల్లో పడ్డ డీజిలు, పెట్రోలు ట్యాంకర్లెక్కి డెల్టా ఊళ్ళకు చేరతాయి. ఆ డీజిలు ధర రూపాయి పెరిగితే కోత మిషను అద్దె పెరుగుతుంది, కూలీలను పొలానికి చేర్చే ఆటో చార్జీ పెరుగుతుంది. అందుకే చమురు సంగతి ఢిల్లీ పెద్దల సంగతని రైతుకూలీలు ఊరుకోవడానికి వీల్లేదు. దేశం చమురు ఎవరి కోసం ఖర్చవుతోంది, ఎంతకాలం వస్తుంది అన్నది మన కూటి ప్రశ్న.

ఒకే నూనె, రెండు న్యాయాలు

విమానం ఏం తాగుతుంది? పేరు గొప్పగా 'విమాన ఇంధనం' అంటారు గానీ, అది బాగా శుద్ధి చేసిన కిరసనాయిలే. మన అమ్మలు రేషను షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడి తెచ్చుకున్న నూనెకు అది స్వయానా అన్న. పేదవాడి కిరసనాయిలు మీద సబ్సిడీ దండగ అంటూ పాలకులు నెలనెలా ధర పెంచుకుంటూ పోయి, 2020 నాటికి దాన్ని సున్నా చేశారు. కరెంటు వచ్చింది, గ్యాసు బండ వచ్చింది, ఇక కిరసనాయిలు దేనికన్నారు. బండ నింపడానికి డబ్బెక్కడిదో మాత్రం చెప్పలేదు.

మరి విమానం సంగతి? రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విమాన ఇంధనం మీద వ్యాట్‌ను 16 శాతం నుంచి 1 శాతానికి దించింది. అదే రాష్ట్రంలో డీజిలు మీద 2020లో వేసింది 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, అది చాలక రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. 2021 అక్టోబరులో ఢిల్లీలో విమాన ఇంధనం లీటరు 79 రూపాయలుంటే, డీజిలు 94 దాటింది, పెట్రోలు 105 దాటింది. ఆకాశంలో పోయేవాడికి ఓ ధర, దుక్కి దున్నేవాడికి దానికంటే పెద్ద ధర! ఈ న్యాయం మన దేశంలోనే పుట్టింది కాదు. 1944లో చికాగోలో దేశాలు చేసుకున్న ఒడంబడిక, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే విమానం తన ట్యాంకులో తెచ్చుకున్న నూనెకు సుంకం లేకుండా చేసింది. ఎనభై ఏళ్ళు దాటినా ఆ మినహాయింపు చెక్కుచెదరలేదు.

తాగేదెంత, పారబోసేదెంత

నూట ఎనభై మంది పట్టే మామూలు జెట్ విమానం గంటకు సుమారు రెండున్నర టన్నులు, అంటే మూడువేల లీటర్లు తాగుతుంది. ట్రాక్టరు గంటకు ఆరు లీటర్లు తాగుతుందనుకుందాం. విమానం ఒక్క గంటలో తాగింది ట్రాక్టరు ఐదువందల గంటల దుక్కికి సరిపోతుంది.

విమానం అసలే వద్దని మేము అనడం లేదు. గోదావరి జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని కువైట్ పోయే ఆడకూలీ కూడా విమానమే ఎక్కుతుంది. నిండుగా మనుషుల్ని ఎక్కించుకుని సముద్రం దాటించే విమానంతో మనకు పేచీ లేదు. పేచీ అంతా దుబారాతోనే.

ఆ దుబారా ఎట్లా ఉంటుందో చూడండి. విమానం నేల విడిచి పైకెక్కేటప్పుడే ఎక్కువ తాగుతుంది. గన్నవరం నుంచి హైదరాబాదు లాంటి దగ్గరి దూరానికి ఎక్కడం, దిగడమే సగం పని. అదే దూరం కొండపల్లి మీదుగా పోయే రైలు కరెంటుతో నడుస్తుంది, చుక్క కిరసనాయిలు తాగదు. 2021-22 శీతాకాలంలో లుఫ్తాన్సా సంస్థ, విమానాశ్రయాల్లో తన వంతు సమయాలు పోకుండా ఉండటానికే అవసరం లేని 18,000 సర్వీసులు నడపాల్సి వస్తోందని తానే చెప్పుకుంది. ఇక షావుకార్ల సొంత విమానాలు: మామూలు విమానంతో పోలిస్తే మనిషి ఒక్కడికి 5 నుంచి 14 రెట్లు ఎక్కువ కాలుష్యమని 2021లో ఐరోపాలో లెక్క తేల్చారు. దేశాల మధ్య కయ్యాలొస్తే అదో ఖర్చు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసేస్తే, ఢిల్లీ నుంచి పడమటికి పోయే మన విమానాలు చుట్టూ తిరిగి అదనంగా నూనె తగలేశాయి.

ఇంతకీ ఎక్కేదెవరు? 2018లో ప్రపంచ జనాభాలో విమానమెక్కినవాళ్ళు నూటికి 11 మంది. ప్రయాణికుల విమానాలు విడిచిన పొగలో సగానికి కారణం జనాభాలో నూటికి ఒక్కడు. ఆ ఒక్కడి సుఖానికి తొంభైతొమ్మిది మంది కర్చు భరిస్తున్నారు.

భూమి సంగతి సరేసరి. గన్నవరం రన్‌వేను 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకు పొడిగించడానికి 2014 తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సుమారు 700 ఎకరాలు తీసుకున్నారు. భూమి పేరున్నవాడికి అమరావతిలో ప్లాటన్నారు. ఆ పొలంలో నాట్లేసి, కుప్ప నూర్చిన కూలీ పేరు ఏ పట్టాలో ఉంటుంది?

బావి అడుగు కనిపిస్తోంది

భూమిలో నూనె ఊరే చెలమ కాదు. తోడిన కొద్దీ తరుగుతుంది. దీనికి సాక్ష్యం కోసం అరేబియా దాకా పోనక్కర్లేదు, కొండపల్లిలోనే ఉంది. 2009లో కృష్ణా గోదావరి బేసిన్ డి-6 గ్యాసు బయటికొచ్చినప్పుడు ఇక ఆంధ్రదేశానికి దీపావళే అన్నారు. 2010 దాటాక ఊట పడిపోయింది. 2013 నాటికి ఆ గ్యాసు విద్యుత్ కేంద్రాలకు అందకుండా పోయింది. కొండపల్లిలో కొత్తగా కట్టిన 742 మెగావాట్ల యూనిట్లు గ్యాసు లేక ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది.

దేశం లెక్కా అంతే. 2011-12లో మనం తీసిన ముడిచమురు 3 కోట్ల 80 లక్షల టన్నులు. 2023-24కు అది 3 కోట్ల టన్నుల లోపుకు దిగింది. వాడకంలో నూటికి 85 పాళ్ళకు పైగా బయటి నుంచే కొంటున్నాం. ఆపద కాలానికని విశాఖ కొండ కింద 13 లక్షల 30 వేల టన్నులు దాచే గుహ తవ్వారు. మంగళూరు, పాదూరు కలిపినా దేశానికి తొమ్మిదిన్నర రోజులకే సరిపోతుంది. 1973లో అరబ్బు దేశాలు సరఫరా బిగించగానే పీపా 3 డాలర్ల నుంచి 12కు ఎగబాకింది. 2008 జూలైలో 147 డాలర్లు తాకింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం రాగానే మళ్ళీ 120 దాటింది. యుద్ధం ఎక్కడ జరిగినా మొదట ఆగేది కాలువ చివరి కవులు రైతు ఆయిలింజనే. యూరియా కూడా గ్యాసుతో చేసేదే గనుక ఆ భారమూ పొలం మీదికే వస్తుంది.

అన్నం మెతుకు మీదికి చూపు

నూనె తరుగుతోందని కంపెనీలకూ తెలుసు. అందుకే పంట నుంచీ, వాడేసిన వంటనూనె నుంచీ విమాన ఇంధనం తీస్తామంటున్నారు. విదేశాలకు పోయే విమానాల్లో 2027కు 1 శాతం, 2030కి 5 శాతం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టింది. పారబోసే వంటనూనెతో చేస్తే మంచిదే. కానీ 2024-25లో పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసం ఆహార సంస్థ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యం కేటాయించిన పాలకులు వీళ్ళు. రేపు విమానం కడుపు నింపడానికి డెల్టా వరి మీద చెయ్యి వేయరని ఎవరు హామీ ఇస్తారు?

కాబట్టి రైతు, వ్యవసాయ కార్మిక సంఘాలు ఈ ప్రశ్నను ఊరూరా చర్చించాలి. విమాన ఇంధనం మీద పన్ను డీజిలుతో సమానంగానైనా ఉండాలి. సొంత విమానాల మీద విడిగా భారీ పన్ను వేయాలి. ఆ సొమ్ముతో కవులు రైతుకు, సన్నకారు రైతుకు డీజిలు తగ్గింపు ధరకు ఇవ్వాలి. దగ్గరి దూరాలకు పేదలెక్కగల ప్యాసింజరు రైళ్ళు, ఆర్టీసీ బస్సులు పెంచాలి. తిండిగింజలు ఇంజన్లకు పోకూడదు.

మిగిలిన నూనె కొద్ది. ఆ కొద్దీ ముందు దుక్కికా, షావుకారు షికారుకా అన్నది తేల్చాల్సింది చెమటోడ్చేవాళ్ళే. మనం అడగకపోతే వాళ్ళు తేల్చేస్తారు, తేల్చేస్తూనే ఉన్నారు.