రాయి ఎరిగి ఎక్కాలి

చలికాలం వచ్చిందంటే పెందుర్తి మీదుగా కొత్తవలస, శృంగవరపుకోట వైపు సాగే అరకు రోడ్డు మీద స్నేహితుల గుంపులు బయల్దేరుతాయి. టెంటు వేసుకుని కొండమీద రాత్రి గడపాలని కొందరికి, తాడు కట్టుకుని నిలువు బండ ఎక్కాలని మరికొందరికి ఉబలాటం. రెండూ మంచి కోరికలే. ఉక్కు కర్మాగారం, రేవు షిఫ్టుల మధ్య నలిగే కుర్రకారుకు అవి ఎంతో అవసరం కూడా. కానీ ఈ రెండింటికీ ఒకే కొండ పనికిరాదు. విశాఖ చుట్టుపక్కల కొండలు నడకకూ, బసకూ చక్కగా సరిపోతాయి. బండ ఎక్కడం మొదటిసారి నేర్చుకోవడానికి మాత్రం సరిపోవు.

కారణం రాయిలోనే ఉంది. సింహాచలం, కైలాసగిరి కొండల్లో ప్రధానంగా కనిపించేది ఖొండలైటు. తూర్పు కనుమల్లో నివసించే ఖోండుల పేరే దానికి పెట్టారు. ఒకప్పటి బంకమట్టి పొరలు భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ మారి ఈ రాయి అయ్యాయి. అందుకే దీనికి పొరల స్వభావం పోలేదు. ఇందులోని గార్నెట్‌లో ఇనుము ఉంటుంది. గాలి, నీరు తగిలితే అది తుప్పుపట్టి రాయిని ఎర్రబారుస్తుంది. ఫెల్డ్‌స్పార్ తెల్లటి మట్టిగా మారిపోతుంది. కోణార్క ఆలయానికి ఎక్కువగా వాడింది ఈ రాయే. ఏడు వందల ఏళ్ల ఉప్పుగాలికి అక్కడి శిల్పాల ముఖాలు ఎలా అరిగిపోయాయో చూసినవారికి తెలుసు. పైకి గట్టిగా కనిపించే అంచు మనిషి బరువు పడగానే పెచ్చులా ఊడి రావచ్చు. పట్టే ఊడిపోతే కొత్తవాడి నైపుణ్యం ఎంతని ఆదుకుంటుంది? తాడు బిగించిన ఆధారం కూడా ఆ రాయిలోనే కదా ఉండేది!

భువనగిరి కోట నిలిచిన ఏకశిల ఇందుకు భిన్నం. అది గ్రానైటు, గరుకైన, గట్టి బండ. 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు శిఖరం చేరిన సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలిపాఠాలు నేర్చుకున్నది అక్కడే. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. మంచి బండ, పక్కన శిక్షకుడు ఉంటే పేదింటి పిల్లలు ఎంతెత్తుకు చేరగలరో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

చలికాలంలో వానలుండవు, బండ పొడిగా ఉంటుంది, ఇక భయమేమిటని అడగొచ్చు. పొడి బండ మీద పట్టు బాగా దొరికే మాట నిజమే. అయితే మన తీరానికి అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. అప్పుడు పగుళ్లలోకి దిగిన నీరు వదులు చేసిన రాళ్లు, పైపొర ఆరినంత మాత్రాన మళ్లీ బిగుసుకోవు. గిరిజన పిల్లలు ఏ తాడూ లేకుండా కొండలెక్కడం లేదా అన్నది ఇంకో ప్రశ్న. వాళ్లు ఎక్కేది తరాలుగా నడిచిన దారుల్లో. ఏ రాయి కదులుతుందో వాళ్ల పాదాలకు తెలుసు. ఆ ఎరుక సెలవురోజు వచ్చి పోయేవారికి అబ్బదు. భువనగిరి దూరమంటారా? విశాఖ నుంచి వరంగల్ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైళ్లు ఆ కోట ఊరి మీదుగానే పోతాయి.

మరి మన కొండల మీద బస సంగతి? లంబసింగి, అరకు ప్రాంతాలు సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటాయి. నిర్మలమైన రాత్రి చల్లగాలి బరువెక్కి లోయల్లోకి దిగుతుంది కాబట్టి పల్లంలో కన్నా కాస్త మెరకమీద టెంటు వేసుకోవడం మేలు. మూసిన టెంటులో బొగ్గుల కుంపటి పెట్టుకోకూడదు; వాసనైనా లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎండుగడ్డి పక్కన నెగడు వేయకూడదు. ఆ కొండ ఎవరి ఊరిదో వారిని ముందే అడగాలి, ఎందుకంటే అది కాఫీ పళ్లు కోసే కాలం.

ఇక బండ ఎక్కడం దగ్గర్లోనే నేర్చుకోవాలంటే దారి లేకపోలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో ఈ క్రీడ తొలిసారి జరిగింది కట్టిన గోడల మీదే. ఉక్కు పోతపోసే ఊళ్లో, పెందుర్తిలాంటి చోట ఒక బడి మైదానంలో అలాంటి గోడ, దానికో శిక్షకుడు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.