చదరంగంలో అనూహ్య ప్రారంభాలు

ప్రత్యర్థి ఎదురుచూడని, సాధారణ ఆచరణలో అరుదుగా కనిపించే తొలి ఎత్తులతో చదరంగపు ఆటను మొదలుపెట్టడాన్ని అనూహ్య ప్రారంభం అంటారు. ఇటువంటి ప్రారంభాలలో చాలావరకు సిద్ధాంతరీత్యా బలహీనమైనవే. అయినప్పటికీ ఆలోచనా సమయం తక్కువగా ఉండే ఆన్‌లైన్ పోటీలలో ఇవి తరచుగా ఫలిస్తాయి. కంఠస్థం చేసిన ఎత్తులు పనికిరాకపోవడంతో ప్రత్యర్థి తొట్రుపడి, విలువైన సమయం పోగొట్టుకోవడమే ఇందుకు ముఖ్య కారణం.

చరిత్ర

1980లో స్వీడన్‌లోని స్కారాలో జరిగిన ఐరోపా జట్ల పోటీలలో అప్పటి ప్రపంచ విజేత అనతోలీ కార్పోవ్ రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరిపాడు. ఇంగ్లాండుకు చెందిన టోనీ మైల్స్ అంచు బంటును ఒక గడి మాత్రమే జరిపి జవాబిచ్చాడు. చివరకు గెలుపు మైల్స్‌నే వరించింది. 2021 మార్చి 15న ఒక ఆన్‌లైన్ పోటీలో మాగ్నస్ కార్ల్‌సన్, హికారు నకమురా ఇద్దరూ రెండవ ఎత్తుకే తమ రాజులను ముందుకు నడిపారు. అవే ఎత్తులు తిరిగి తిరిగి ఆడడంతో ఆట సమంగా ముగిసింది. ఈ ప్రారంభానికి బాంగ్‌క్లౌడ్ అని పేరు.

ఆన్‌లైన్ ఆటలో ప్రత్యేకత

మూడు నిమిషాల ఆటలో రెండవ ఎత్తుకే 40 సెకన్లు ఆలోచించిన ఆటగాడు తన సమయంలో ఐదవ వంతుకు పైగా కోల్పోయినట్లే. ప్రత్యర్థి ఆడకముందే తన ఎత్తును నమోదు చేసే ప్రీమూవ్ సదుపాయం వలన మరొక ప్రమాదం ఉంది. చదరంగపు గళ్ళను ఎ నుండి హెచ్ వరకు అక్షరాలతోను, 1 నుండి 8 వరకు అంకెలతోను గుర్తిస్తారు. తెల్లపావుల ఆటగాడు బంటును బి3కి, తరువాత శకటును బి2కు జరిపాడనుకుందాం. నల్లపావుల ఆటగాడు అది చూడకుండా బంటు జి6, శకటు జి7 అని ముందే నమోదు చేసి ఉంటే శకటును, దాని వెనుకనున్న ఏనుగును వరుసగా కోల్పోతాడు.

ఒక ఉదాహరణ: ఎంగ్లండ్ గాంబిట్

తెలుపు డి4 ఆడగా నలుపు ఇ5 ఆడి బంటును బలి ఇస్తుంది. తెలుపు దానిని చంపుతుంది. తరువాత క్రమంగా నల్ల గుర్రం సి6కు, తెల్ల గుర్రం ఎఫ్3కి, నల్ల మంత్రి ఇ7కు, తెల్ల శకటు ఎఫ్4కు వస్తాయి. మంత్రి బి4 నుండి చెక్ చెప్పగా శకటు డి2కు మరలుతుంది. అప్పుడు మంత్రి బి2లోని బంటును చంపుతుంది. ఇక్కడ శకటును సి3లో నిలిపి మంత్రిని బెదిరించడం సహజంగా తోస్తుంది, కానీ అదే ఉచ్చు. నల్ల శకటు బి4కు వచ్చి దానిని కదలనీయదు. తెలుపు మంత్రిని డి2కు తెచ్చి, సి3లో జరిగే మార్పిడిలో మంత్రితోనే తిరిగి చంపితే, నల్ల మంత్రి సి1లో ఆటకట్టు చేస్తుంది. శకటుకు బదులు గుర్రాన్ని సి3కి తెస్తే ఆధిక్యం తెలుపుదే.

ఎదుర్కొనే విధానం

* మధ్య గళ్ళను బంట్లతో ఆక్రమించి, గుర్రాలను, శకట్లను త్వరగా బయటికి తీసి, రాజును కోటలో భద్రపరచాలి.
* బలి ఇచ్చిన బంటును తీసుకున్న తరువాత దానిని ఎలాగైనా నిలుపుకోవాలని పట్టుబట్టరాదు.
* వింత ఎత్తును వెంటనే శిక్షించాలనే తొందర పనికిరాదు. చిన్నపాటి ఆధిక్యం చాలు.
* ప్రతి ఎత్తుకు ముందు ప్రత్యర్థి బెదిరింపును గమనించాలి. తొలి ఎత్తులలో ప్రీమూవ్ వాడరాదు.
* ఆట నడుమ పుస్తకం గాని, కంప్యూటరు గాని సంప్రదించడం నిషిద్ధం. పరిశీలన ఆట ముగిసిన తరువాతే చేయాలి.

తెలుగు క్రీడాకారులు

2020 ఆన్‌లైన్ చదరంగ ఒలింపియాడ్‌లో భారత జట్టు తరఫున కృష్ణా జిల్లా గుడివాడలో జన్మించిన కోనేరు హంపి, గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక పాల్గొన్నారు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్ల అదనపు సమయం ఇచ్చారు. సెమీఫైనల్‌లో పోలండ్‌తో స్కోరు సమం కాగా, నిర్ణాయక ఆటలో హంపి మోనికా సోచ్కోను ఓడించింది. ఆగస్టు 30న రష్యాతో జరిగిన ఫైనల్‌లో ఇంటర్నెట్ అంతరాయం వలన ఇద్దరు భారత క్రీడాకారుల గడియారాలు పూర్తయిపోయాయి. చివరకు రెండు జట్లనూ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. 2022 అక్టోబరులో వరంగల్లుకు చెందిన ఎరిగైసి అర్జున్ ఎయిమ్‌చెస్ రాపిడ్ ఆన్‌లైన్ పోటీలో కార్ల్‌సన్‌ను ఓడించాడు.