పెరడు సూస్తే ఎవరి ఇల్లో తెల్వాలె

వడ్డేపల్లి, శాంతినగర్ దిక్కు కొత్తగ కట్టిన ఇండ్లను ఒకసారి నిలబడి సూడుండ్రి. గేటు స్టీలుది. గేటు నుంచి గడప దాంక పార్కింగ్ టైల్స్. గోడ పొంటి వరుసగ నాలుగు కోనోకార్పస్ మొక్కలు, లేకుంటే పొడుగు అశోక చెట్లు. మెట్ల కాడ రెండు సిమెంటు కుండీలు. ఫోటో తీసి వాట్సాప్‌ల పెడితే అది నడిగడ్డదా, నెల్లూరుదా, నిజామాబాద్‌దా ఎవ్వరు చెప్పలేరు. గా కోనోకార్పస్‌నైతే గుజరాత్ సర్కారు 2023ల పెట్టొద్దని ఆపేసింది. మనం ఇంకా పైసలిచ్చి తెచ్చుకుంటున్నం.

నేను మొక్కల డాక్టర్‌ను కాదు, ఇంజినీర్‌ను కాదు. మట్టి మిద్దె కూలగొట్టి స్లాబు ఇల్లు కట్టుకున్న ఇంటి పిల్లగాన్ని. చుట్టాలు, దోస్తులు ఇండ్లు కట్టుకుంటుంటే వాళ్ల వాకిలి, పెరడు ఎట్ల ఉండాల్నో కాగితం మీద గీసిస్తుంట. గా అనుభవంతోని చెప్తున్న: తోటకు సొంత గుణం మొక్కల లిస్టుల నుంచి రాదు. ఇంట్ల మనుషులు ఏం పని చేస్తరు, నీళ్లు యాడికెళ్లి వచ్చి యాడికి పోతయి, మన నేల దేనికి ఒప్పుకుంటది. ఈ మూడింటికి మీరిచ్చే జవాబే మీ తోట. యూట్యూబ్‌ల సూసిన తోట వేరెవరో ఇచ్చిన జవాబు.

ముందుగాల మనుషుల ముచ్చట. మా ఇంటికి మేస్త్రి వచ్చి మొత్తం జాగ సిమెంటు చేస్తే కడుగుడు అల్కగ ఉంటదన్నడు. మా అమ్మ ఒకటే మాట అడిగింది: "మరి మిరపకాయలు నా నెత్తి మీద ఆరబెట్టుకోవాల్నా?" ఇగ గా మాటతోనే మా ఇంటి ప్లాన్ మొదలైంది. మిరప పండించే ఇంటికి ఎండ మంచిగ పడే గట్టి జాగ కావాలె. అది తోటల భాగమే. అక్కడ మొక్క పెట్టొద్దు, చెట్టు నీడ పడొద్దు. నాలుగు నాపబండలు పరిచి, సందులల్ల మట్టి నింపితే చాలు. వాన నీళ్లు కిందికి ఇంకుతయి, ఎండకాలం మిరప ఆరుతది, పండుగకు ముగ్గు పడ్తది. బండలకు మనం దూరం పోయే పని లేదు. బేతంచెర్ల దిక్కు నుంచి వచ్చే నాపబండ మన కాడ పాత ఇండ్లల్ల అందరికి ఎరుకే. పాత మిద్దె కూలగొట్టినప్పుడు వచ్చిన బండలైతే పైసా ఖర్చు లేదు. వాటిని ట్రాక్టర్‌ల ఎత్తి గుంతలల్ల పారబోస్తుంటే నాకు పాణం గుంజుతది.

కాబట్టి కాగితం తీస్కోని ముందు మొక్కల పేర్లు రాయకుండ్రి. అవ్వ పొద్దుగాల యాడ కూసుంటది, నాయన సేను నుంచి వచ్చి కాళ్లు యాడ కడుగుతడు, బర్రె యాడ కడ్తరు, బండి యాడ ఆగుతది, చెల్లె ఫోన్ మాట్లాడనీకి యాడ నిలబడ్తది, గివన్ని రాయుండ్రి. నవ్వకుండ్రి, ఆఖరుది మస్తు ముఖ్యం. మన ఊర్లల్ల మొగోళ్లకు కట్ట ఉంది, హోటల్ ఉంది, చౌరస్తా ఉంది. ఆడోళ్లకు పని లేకుండ ఊకె కూసునే జాగ ఇంట్ల ఒక్కటన్న ఉందా? పెరట్ల చెట్టు కింద ఒక అరుగు కడితే అది వాళ్లది అయితది.

తర్వాత అందం. డిజైన్ అనంగనే మనకు రాదనుకుంటం. గద్వాల, రాజోలి మగ్గాలను సూస్తూ పెరిగినోళ్లకు డిజైన్ రాకపోవుడేంది? గద్వాల చీర ఎట్ల ఉంటది? ఒళ్లు నూలు, సాదా. అంచు, కొంగు పట్టు, జరీ, గట్టి రంగు. రెంటిని విడిగ నేసి కుట్టుతోని కలుపుతరు. చీర మొత్తం జరీ నింపితే దాన్ని గద్వాల చీర అనరు. తోటకు గదే లెక్క పెట్టుకోవచ్చు. ఒళ్లు, అంటే నడిమి జాగ, సాదాగ ఉంచుండ్రి: బండలు, ఊడ్చిన మట్టి, ఒక పెద్ద చెట్టు. అంచు, అంటే గోడ పొంటి జాగ, ఒకే రంగుతోని గట్టిగ కొట్టాలె. మీకు పసుపు ఇష్టమైతే బంతి, తంగేడు. తెలుపు ఇష్టమైతే నందివర్ధనం, మల్లె. ఎరుపైతే మందారం. పది రకాలు ఒక్కొక్కటి పెడితే అది నర్సరీ లెక్క కనిపిస్తది. ఒక రకం పది మొక్కలు పెడితే తోట లెక్క కనిపిస్తది. ఇగ కొంగు ఇంటి మూలకు ఒక జాగల ఉండాలె, మీ సోకులన్ని అక్కడ. పగిలిన గాజులు, పాత రోలు, అవ్వ వాడిన ఇసుర్రాయి, చిల్లుపడ్డ రాగి బిందె. మా దోస్తు ఒకడు వాళ్ల తాత మోట కొట్టిన గిలక తెచ్చి మల్లె పందిరికి వేలాడదీసిండు. గా గిలక చూసి ఊర్ల పెద్దమనుషులు ఆగి ముచ్చట పెడ్తరు.

ఇప్పుడు నీళ్లు. ఇది లేకుంటే పైన చెప్పిందంత ఉత్త మాట. రెండు నదుల నడిమి జాగ కాబట్టే నడిగడ్డ అన్నరు. అయినా నీళ్ల బాధ మనకు తప్పలే. ఆర్డీఎస్ కాలువ కింద 87,500 ఎకరాలు పారాలె అని కాగితం మీద ఉంది. కాలువ చివర ఉన్నోళ్లకు నీళ్లు ఎన్నడన్న సరిగ వచ్చినయా, మీకే ఎరుక. సేనుకే లేని నీళ్లు తోటకు ఎట్ల అంటరు. నిజమే, అందుకనే తోటకు కొత్త నీళ్లు అడగొద్దు, ఇంట్ల వాడిన నీళ్లే మలపాలె.

లెక్క జూడుండ్రి. మిషన్ భగీరథ పెట్టుకున్న లెక్క ఊర్లల్ల మనిషికి దినాం 100 లీటర్లు. అయిదుగురున్న ఇంట్ల 500. స్నానం, బట్టలు, బోళ్ల కాడ వాడినయి అందులో సగమే పట్టుకున్నా 250 లీటర్లు మోరీలకు పోకుండ పెరట్లకు వస్తయి. ఎండకాలం కూరగాయల మడికి గజానికి దినాం నాలుగైదు లీటర్లు పట్టుకోండ్రి. అంటే 50 గజాల మడి ఆగుతది. గంతకన్న పెద్దగ పెట్టుకుంటే మే నెలల ఎండుతది, మీరు ట్యాంకర్‌కు ఫోన్ చేస్తరు. సబ్బు నీళ్లు నేరుగ పాలకూర మీద పోయకుండ్రి. ముందు ఒక చిన్న కాలువల కంకర, ఇసుక పోసి, దాని పొంటి అరటి, చేమ, మెట్టతామర పెట్టుండ్రి. గా మూడు మురికి నీళ్లకు భయపడయి. వాటిని దాటినంక నీళ్లు పండ్ల చెట్ల మొదట్లకు పోవాలె.

వాన నీళ్ల ముచ్చట ఇంకా అల్క. 100 గజాల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 800 లీటర్లకు పైన దిగుతది. మన స్లాబు ఇండ్లకు పైపు పెట్టి గా నీళ్లను రోడ్డు మీదికి వదుల్తరు, పక్కింటోళ్లతోని కొట్లాట. గదే పైపును పెరడు దిక్కు తిప్పి, చెట్టు కాడ ఒక ఇంకుడు గుంతల కలిపితే కొట్లాట పోతది, చెట్టు బతుకుతది.

నేల. మన దిక్కు కొన్ని ఊర్లు నల్లరేగడి, కొన్ని ఎర్రనేల, చానా జాగలల్ల కింద సున్నపురాయి. సున్నం ఎక్కువున్న నేలల గులాబీ, నిమ్మ, సపోట ఆకులు పచ్చ ఈనెలతోని పసుపు రంగుకు తిరుగుతయి. ఎరువు తక్కువైందని యూరియా కొడ్తరు, అయినా పసుపే. నేలల ఇనుము ఉంటది గాని సున్నం దాన్ని వేరుకు అందనియ్యదు. బాగ చివికిన పెంట ఎరువు వేస్తే కొంత నయం. అయినా మొండికేస్తే ఆ మొక్కను వదిలేసుడే మంచిది. నల్లరేగడిల మునగ పెట్టాలంటే మట్టి దిబ్బ చేసి పైన పెట్టాలె, వేరు కాడ నీళ్లు నిలబడితే అది చచ్చిపోతది. రేగడి ఎండకాలం పర్రెలు వాస్తది, కాబట్టి వేపను గోడకు పదిహేను అడుగుల దూరం పెట్టుండ్రి.

మన పాలమూరు పండు సీతాఫలం. బాలానగర్ రకం అని దేశమంత పేరున్నది మన పాత మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరు మీదనే. తక్కువ నీళ్లతోని బతుకుతది, మేకలు దాని ఆకు ముట్టయి. పల్లెల గింతకన్న ఏం కావాలె? ఒక్కటి మాత్రం యాది పెట్టుకోండ్రి: ఎండకాలం ఆకు రాలుస్తది. నీడ కోసమని పడమటి గోడకు పెడితే మే నెలల ఇంట్ల కూసోలేరు. పడమటి దిక్కు వేప ఉండాలె, సీతాఫలం తూర్పుకో ఉత్తరానికో పోవాలె. గన్నేరును కూడ మేకలు తినయి, గాని అది విషం. పసిపిల్లలున్న ఇంట్ల నేను గీయను.

ఇప్పుడు నాకు అన్నిటికన్న ఎక్కువ పట్టింపు ఉన్న ముచ్చట చెప్త. దేశంల పత్తి విత్తనం పండే పెద్ద జాగలల్ల మన నడిగడ్డ ఒకటి. మాపటీలి మొగ్గ వలుచుడు, తెల్లారి మగపువ్వు తెచ్చి రుద్దుడు, మన అక్కచెల్లెండ్ల చేతులకు గీ పని ఎంత వచ్చో ఏ కాలేజీల సదివినోళ్లకు రాదు. గా చేతులే ఇంటి పెరట్ల పనికొస్తయి. మందులు కొట్టే సేన్ల పక్కన ఇండ్లల్ల తేనెటీగలు తక్కువ, సొరపాదుకు పూలు వస్తయి, పిందె ఎండి రాలుతది. పురుగు పట్టిందనుకుంటరు. పిందె ఉన్న ఆడపువ్వుకు మగపువ్వు రుద్దితే నిలబడ్తది. సొర, బీర మాపటీలి పూస్తయి, గుమ్మడి తెల్లవారంగ. ఎప్పుడు రుద్దాల్నో పువ్వు తెరుచుకునే యాళ్లను బట్టి సూస్కోవాలె.

మా ఇంట్ల ఒక చిక్కుడు ఉంది. మా అవ్వ పెండ్లై వచ్చేటప్పుడు తల్లిగారింటి నుంచి కొంగుల కట్టుకోని తెచ్చిన గింజ. ఏటా నాలుగు కాయలు పందిరి మీదనే ఎండనిచ్చి, గింజలు బూడిదల కలిపి చిన్న కుండల పెడ్తది. చిక్కుడు చానావరకు తన పువ్వుల తానే కట్టుకుంటది కాబట్టి గింజ మారదు. పత్తి హైబ్రిడ్ గింజ అట్ల కాదు, మళ్ల ఏస్తే అదే పంట రాదు, ఏటా కొనాల్సిందే. దేశానికి విత్తనం ఇచ్చే ఊర్లల్ల ఇంటికొక సొంత గింజ లేకపోతే ఎట్ల? మా వాడకట్టుల రెండిండ్లు పెరడు మొత్తం సిమెంటు చేసినయి. ఒక ఏడు పందిరి వేయలే, రెండో ఏడు గింజ మొలవలే. వాళ్ల అవ్వల చిక్కుడు అంతటితోని అయిపోయింది. మళ్ల ఏ దుకాణంల దొరుకుతది? మీ తోటకు సొంత గుర్తు కావాలంటే నర్సరీకి పోయే ముందు మీ అవ్వ కుండలు, డబ్బాలు వెతుకుండ్రి.

నేల బాగలేదు, జాగ లేదు అనేటోళ్లకు రెండు ముచ్చట్లు. ఇంగ్లండ్‌ల డెరెక్ జార్మన్ అని సినిమా డైరెక్టర్ ఉండె. డంజెనెస్ అనే సముద్రం ఒడ్డున, ఉత్త గులకరాళ్ల మీద, అణు విద్యుత్ కేంద్రం ఎదురుంగ చిన్న కట్టె ఇల్లు కొన్నడు. ఎయిడ్స్ రోగం తోని చస్తనని ఎరుకైనంక కూడ తోట పని ఆపలే. అలలకు కొట్టుకొచ్చిన కట్టెలు, తుప్పు పట్టిన ఇనుము నిలబెట్టి, గా రాళ్లల్ల బతికే మొక్కలే పెట్టిండు. కంచె వేయలే. 1994ల చనిపోయిండు. తోట ఇంకా ఉంది, లోకమంత పోయి చూస్తది. ఇటు మన కాడ కథలు రాసే తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ పక్కన నారపల్లిల ఇంటి మిద్దె మీదనే మడులు కట్టి కూరగాయలు, పండ్లు పండించి, మిద్దెతోట అనే మాటను ఇంటింటికి తెచ్చిండు. పట్నంల మిద్దె మీద అయినప్పుడు, ఊర్ల మన పది గజాల పెరట్ల కాదా?

పైసల ముచ్చట కూడ చెప్పాలె. మేం ఎక్కువ ఖర్చు పెట్టింది పైపుకు, కంకరకు. మొక్కలు చానావరకు చుట్టాల ఇండ్లల్ల కొమ్మలు, పిలకలు. కొనాల్సి వస్తే ఒకే ఏడు అన్ని కొనకుండ్రి. మొదటి ఏడు నీళ్ల దారి, బండలు, పెద్ద చెట్టు. మృగశిర కార్తె వాన పడ్డంక చిక్కుడు, సొర. అంచు పూలు రెండో ఏడు. కొంగు మూల ఎన్నేండ్లకు తయారైతదో దానికి తొందర లేదు.

మా ఇంట్ల అయితే ఇప్పటికి తేలనిది ఒకటే ఉంది. వేప కింద అరుగు కట్టినం. దాని మీద తన మంచం అంటడు నాయన, రోలు అంటది అమ్మ. మూడు నెలల నుంచి పంచాయితీ నడుస్తుంది, ప్రస్తుతానికి రోలే ఉంది.