కారు సీటుకు మిరప ఘాటు ఎందుకు వదలదు?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర అద్దాలు దించి కారు ఆపితే తోలు సీట్ల మీద సన్నటి ఎర్ర దుమ్ము పడుతుంది. ఉత్త తడిగుడ్డతో తుడిస్తే పోదా? అంత తేలిగ్గా పోదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. ఎర్ర రంగుదీ అదే తీరు. ఆవకాయ నూనె ఎర్రబడేది అందుకే. కాబట్టి మెరుపు కోసం సీటుకు కొబ్బరినూనె రాయడమంటే, నన్నడిగితే, మరకను చేతులారా కుట్లలోకి పంపడమే.

ముందు పొడిగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి, వాక్యూమ్ ఉంటే మరీ మంచిది. తర్వాత పల్చటి సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి అద్దాలి. ఆ చేత్తో కళ్లు మాత్రం నులుముకోకండి!

ఎండ సంగతి వేరు. తోలంటే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల అల్లిక. తోలు శుద్ధి చేసేటప్పుడు పట్టించిన కొవ్వు వల్లే ఆ పోగులు మెత్తగా వంగుతాయి. రెంటచింతలలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మూసిన కారులో వేడి ఇంకా ఎక్కువ. తేమ, కొవ్వు తగ్గి పోగులు బిగుసుకుంటే తోలు పగులుతుంది. వేపచెట్టు నీడ దొరక్కపోతే ముందు అద్దానికి లోపలినుంచి అడ్డుతెర పెట్టండి.