తల్లిదండ్రుల రక్తం - పిల్లల ఉద్యోగం

సంబంధం కుదుర్చుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని మన పెద్దలు అనేవారు. పెళ్లికి చూస్తే చూశారు గాని, ఉద్యోగానికి కూడా తరాలు చూస్తామంటే మన పిల్లల గతి ఏమిటి? రక్తపరీక్షలు పెరుగుతున్న ఈ కాలంలో ప్రతి కుటుంబం ఆలోచించవలసిన విషయమిది.

సికిల్ సెల్ రక్తహీనతనే తీసుకుందాం. ఇందులో గుండ్రంగా ఉండవలసిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరుగుతాయి. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే ఈ జబ్బు. ఒక్కరి నుంచే వచ్చినవారిని క్యారియర్లంటారు. వీరు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, అందరిలాగే పనిచేసుకుంటారు. వీరిని రోగుల కింద లెక్కగట్టడమంటే, మా బ్యాంకు భాషలో, అప్పే లేనివాడి పేరు మొండిబాకీల్లో రాయడమే.

అమెరికాలో ఈ తప్పే జరిగింది. 1970ల మొదట్లో అక్కడి నల్లజాతివారికి ఈ పరీక్షలు విరివిగా చేశారు. మేలు కోరి చేసిన పరీక్షే కొందరి ఉద్యోగాలకు అడ్డుపడింది. అక్కడి వైమానిక దళ అకాడమీ 1981 వరకు క్యారియర్లను చేర్చుకోలేదు. నార్త్ కరోలినా రాష్ట్రం మాత్రం, క్యారియరన్న కారణంతో ఉద్యోగం నిరాకరించరాదని 1975లోనే చట్టం చేసింది.

తర్వాత రైల్వే కార్మికుల కేసు వచ్చింది. పనివల్ల మణికట్టు దెబ్బతిన్నదని చెప్పుకున్నవారికి, బర్లింగ్టన్ నార్తర్న్ శాంటా ఫే కంపెనీ వారికి తెలియకుండా జన్యుపరీక్షలు చేయించిందని 2001లో ప్రభుత్వ సంస్థ కోర్టుకెక్కింది. 2002లో కంపెనీ 22 లక్షల డాలర్లిచ్చి రాజీపడింది. చివరకు 2008లో దేశమంతటికీ చట్టం వచ్చింది. 15 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, జన్యువుల్ని బట్టి ఉద్యోగం ఇవ్వడం, తీసేయడం, ప్రమోషన్ ఆపడం కుదరదు. మీ నాన్నగారికి ఏ జబ్బుండేదని అడగడం కూడా ఆ నిషేధంలోకే వస్తుంది. జీవిత బీమాకు మాత్రం ఆ చట్టం వర్తించదు.

ఇక మన సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా రోగులను చేర్చుకుంది. ఉద్యోగాల్లో ప్రభుత్వ సంస్థలు వారిపట్ల వివక్ష చూపరాదంది. కాని క్యారియర్ల ఊసు అందులో లేదు. అమెరికాలో ఉన్నటువంటి ప్రత్యేక చట్టం మనకింకా రాలేదు.

ఈలోగా పరీక్షలు మొదలయ్యాయి. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం, ముఖ్యంగా గిరిజన ప్రాంతాల్లో, 7 కోట్లమందికి పరీక్ష చేయాలని పెట్టుకుంది. ఆ 17 రాష్ట్రాల్లో మనముంటున్న ఒడిశా, మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు కూడా ఉన్నాయి. పరీక్ష చేయించుకున్నవారికి కార్డులిస్తారు. ఇది మంచి పనే. దంపతులిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశముంది కనుక, ముందే తెలియడం మేలు.

అయితే ఆ కార్డు డాక్టరుకు చూపడానికి, పెళ్లికి ముందు ఇరువైపులవారూ చూసుకోవడానికి. యజమాని బల్లమీద పెట్టడానికి కాదు. అభ్యర్థి ఆ పని చేయగలడా లేదా అన్నదే యజమాని చూడవలసింది. ఎవరైనా ఆ కార్డు అడిగితే, ఏ నిబంధన కింద అడుగుతున్నారో కాగితం మీద రాసిమ్మనండి. బ్యాంకులో ఇన్నేళ్లుగా నేను గమనించినదేమంటే, రాతపూర్వకంగా ఇమ్మనేసరికి సగం అడ్డంకులు వాటంతటవే తొలగిపోతాయి. మిగిలిన సగానికి చట్టం కావాలి. పరీక్షలు మొదలయ్యాయి గనుక చట్టం కూడా ఆలస్యం చేయకుండా రావాలి.