జలచర విషప్రభావ పరీక్ష

ఒక రసాయనం గాని, పరిశ్రమల నుండి వెలువడే వ్యర్థజలం గాని నీటిలోని జీవులకు ఎంత మోతాదులో హాని చేస్తుందో ఆ జీవుల మీదనే ప్రయోగించి తెలుసుకొనే పద్ధతిని జలచర విషప్రభావ పరీక్ష అంటారు. ఇందుకు శైవలాలు, డాఫ్నియా వంటి చిన్న క్రస్టేషియన్లు, చేపలు, తోకకప్పలు మొదలైనవాటిని ఉపయోగిస్తారు. హైదరాబాదు పరిసరాలలోని ఔషధ పరిశ్రమల వ్యర్థజలం మీద జరిగిన పరీక్షలు ఈ రంగంలో ప్రపంచవ్యాప్తంగా ప్రసిద్ధి పొందాయి.

అవసరం

మురుగునీటి నాణ్యతను సాధారణంగా బి.ఓ.డి., సి.ఓ.డి., పి.హెచ్. వంటి కొలతలతో నిర్ణయిస్తారు. మొదటి రెండు కొలతలు నీటిలోని వ్యర్థపదార్థం ఎంత ఆక్సిజన్‌ను హరిస్తుందో తెలుపుతాయి. పి.హెచ్. ఆమ్ల క్షార గుణాన్ని తెలుపుతుంది. ఆ నీటిలో జీవి బ్రతుకుతుందా అన్న ప్రశ్నకు మాత్రం ఇవి నేరుగా సమాధానం చెప్పవు. రసాయన విశ్లేషణకు కూడా ఒక పరిమితి ఉంది. ఏ పదార్థం కోసం వెతికితే అదే కనిపిస్తుంది, వెతకనిది కనిపించదు. అనేక రసాయనాలు కలిసినప్పుడు వాటి ఉమ్మడి ప్రభావం ఎంతో జీవి మీద పరీక్షిస్తేనే తెలుస్తుంది.

డాఫ్నియా

ఈ పరీక్షలలో విరివిగా వాడే జీవి డాఫ్నియా మాగ్నా. ఇది మంచినీటిలో నివసిస్తుంది. పూర్తిగా ఎదిగినప్పుడు సుమారు 5 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దేహం పారదర్శకం కావడం వలన సూక్ష్మదర్శినిలో గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. ఇది శైవలాలను తింటుంది, దీనిని చేపలు తింటాయి. కాబట్టి డాఫ్నియాకు కలిగే హాని ఆహారపు గొలుసులో పైవరకు పోతుంది. అనుకూల పరిస్థితులలో ఆడ డాఫ్నియాలు మగవాటితో సంపర్కం లేకుండానే పిల్లలను కంటాయి. ఆ పిల్లలు జన్యుపరంగా తల్లిని పోలి ఉంటాయి గనుక ఒక పాత్రలోని జీవులకు, మరొక పాత్రలోని జీవులకు తేడా ఉండదు.

పరీక్షా విధానం

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓ.ఈ.సీ.డీ.) 1984లో రూపొందించి, 2004లో సవరించిన 202వ మార్గదర్శకం ప్రకారం ఈ పరీక్షను ఇలా చేస్తారు.

1. పుట్టి 24 గంటలు నిండని డాఫ్నియాలను తీసుకొంటారు.
2. పరీక్షించవలసిన పదార్థాన్ని కనీసం అయిదు వేర్వేరు గాఢతలలో కలుపుతారు. ఏమీ కలపని నీటి పాత్రలు కూడా పోలిక కోసం ఉంచుతారు.
3. ఒక్కొక్క గాఢతకు కనీసం 20 జీవులను, వీలైతే అయిదేసి చొప్పున నాలుగు పాత్రలలో ఉంచుతారు.
4. 24 గంటల తరువాత ఒకసారి, 48 గంటల తరువాత మరొకసారి గమనిస్తారు. పాత్రను మెల్లగా కదిలించిన తరువాత 15 సెకండ్లలో ఈదలేని జీవిని చలనం కోల్పోయినట్లు లెక్కిస్తారు.

జీవులలో సగం చలనం కోల్పోయే గాఢతను ఈసీ 50 అని, సగం మరణించే గాఢతను ఎల్‌సీ 50 అని అంటారు. ఈ సంఖ్య ఎంత తక్కువైతే ఆ పదార్థం అంత విషపూరితమని అర్థం. ఉదాహరణకు లీటరుకు 1 మిల్లీగ్రాము ఈసీ 50 గల పదార్థం, 100 మిల్లీగ్రాముల ఈసీ 50 గల పదార్థం కంటే ఆ జీవికి నూరు రెట్లు హానికరం. పోలిక పాత్రలలోని జీవులలో 10 శాతానికి మించి చలనం కోల్పోతే ఆ పరీక్ష చెల్లదు.

భారతదేశంలో నిబంధన

పర్యావరణ (పరిరక్షణ) నియమాలు, 1986 లోని సాధారణ ప్రమాణాల ప్రకారం, ఏమీ కలపని వ్యర్థజలంలో 96 గంటల తరువాత 90 శాతం చేపలు బ్రతికి ఉండాలి. అంటే మన దేశంలో జీవపరీక్షకు చట్టబద్ధమైన స్థానం ఉంది. అయితే ఈ నిబంధన చూసేది నాలుగు రోజుల ప్రాణాన్ని మాత్రమే. ఎదుగుదల, సంతానోత్పత్తి దీని పరిధిలోకి రావు.

పటాన్‌చెరు పరిశోధనలు

స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం మీద ఒక పరిశోధనను ప్రచురించింది. సుమారు 90 ఔషధ తయారీ పరిశ్రమల వ్యర్థజలం ఆ కేంద్రానికి చేరేది. శుద్ధి చేసి వదలిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలింది. కొన్ని బాక్టీరియాలకు విషంగా పనిచేసే మోతాదుకు ఇది వేయి రెట్లకు పైగా ఎక్కువ.

ఆ నీటి ప్రభావాన్ని జీవుల మీద పరీక్షించిన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. మంచినీటిలో కేవలం 0.2 శాతం ఆ వ్యర్థజలాన్ని కలిపి, అందులో తోకకప్పలను పెంచగా వాటి ఎదుగుదల 40 శాతం తగ్గింది. 0.2 శాతం అంటే 100 లీటర్ల మంచినీటిలో ఒక గ్లాసెడు (200 మిల్లీలీటర్లు) మాత్రమే. పరీక్షించిన గాఢతలలో ఇదే అతి తక్కువది కనుక, హాని మొదలయ్యే హద్దు ఇంకా దిగువన ఉండే అవకాశం ఉంది. ప్రాణం పోయిందా లేదా అని మాత్రమే చూసే పరీక్ష ఇటువంటి హానిని పట్టుకోలేదు.

కేంద్ర ప్రభుత్వం 2020లో ఔషధ పరిశ్రమల వ్యర్థజలంలో యాంటీబయాటిక్‌లకు గరిష్ఠ పరిమితులు ప్రతిపాదించింది. 2021లో వెలువడిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు.

మూసీ నది - కిషన్‌బాగ్

హైదరాబాదు పాతబస్తీలోని కిషన్‌బాగ్ మూసీ నదికి దక్షిణాన ఉంది. ఎగువన ఉన్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు దాటిన తరువాత నదిలో నగరపు మురుగునీరు కలుస్తుంది. పటాన్‌చెరు కేంద్రపు నీరు మొదట వాగుల ద్వారా మంజీరా వైపు పోయేది. తరువాతి కాలంలో దానిని గొట్టాల ద్వారా అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి మళ్ళించారు. అంబర్‌పేట కిషన్‌బాగ్‌కు దిగువన ఉంది. కావున కిషన్‌బాగ్ వద్ద మూసీ కాలుష్యానికి పటాన్‌చెరు ఫలితాలను యథాతథంగా అన్వయించకూడదు. అక్కడి నీటిని విడిగా పరీక్షించవలసి ఉంటుంది.

అటువంటి పరీక్షలో ఒక జాగ్రత్త అవసరం. మురుగునీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, జీవులు ఊపిరాడక కూడా చనిపోవచ్చు. ఆ మరణాలను రసాయన విషానికి ఆపాదిస్తే ఫలితం తప్పుతుంది. అందువలన డాఫ్నియా పరీక్ష ముగిసేసరికి పాత్రలలో ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాములకు తగ్గకూడదని నియమం.

పరిమితులు

ఒక జీవికి హాని చేయనిది మరొక జీవికి చేయవచ్చు. యాంటీబయాటిక్‌లు బాక్టీరియాకు అతి స్వల్ప మోతాదులోనే విషం కాగా, చేపకు అదే మోతాదులో హాని కనిపించకపోవచ్చు. అందుచేత శైవలాలతో 72 గంటలు, డాఫ్నియాతో 48 గంటలు, చేపలతో 96 గంటలు జరిపే పరీక్షల ఫలితాలను కలిపి చూస్తారు. దీర్ఘకాలిక ప్రభావం కోసం డాఫ్నియా సంతానాన్ని 21 రోజుల పాటు లెక్కించే పరీక్ష ఉంది. పెద్ద చేపలను హింసించడం తగ్గించడానికి జీబ్రా చేపల పిండాలను వాడే పద్ధతిని 2013లో ఓ.ఈ.సీ.డీ. ఆమోదించింది. డాఫ్నియా మాగ్నాకు 20 డిగ్రీల సెల్సియస్ పరిసరాలలోని ఉష్ణోగ్రత అనువైనది. మన వేసవిలో చెరువుల నీరు అంతకంటే బాగా వేడెక్కుతుంది. కనుక మొయినా వంటి స్థానిక జీవులతో కూడా పరీక్షిస్తేనే మన చెరువులకు, నదులకు వర్తించే ఫలితాలు లభిస్తాయి.