పెద్దల ఇంగ్లిషు చదువు: యాపిల్ కంటే ముందు ఎక్స్‌పైరీ

ముందు తెలుగు పూర్తిగా రావాలి, తర్వాత ఇరవై ఆరు అక్షరాలు బట్టీ పట్టాలి, ఆపైన ‘ఏ ఫర్ యాపిల్’. పెద్దవాళ్లకు ఇంగ్లిషు నేర్పడానికి ఇదొక్కటే దారి అన్న అపోహ గట్టిగా పాతుకుపోయింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో ఈ వరుస నిలవదు. మహబూబాబాద్ చుట్టుపక్కల తండాల్లో ఇంటి భాష లంబాడీ. అక్కడ తెలుగు కూడా నేర్చుకోవాల్సిన చదువే. కూలి డబ్బులు బ్యాంకులో పడితే వచ్చే మెసేజ్, గోలీల షీటు మీది గడువు తేదీ, ఏటీఎం తెర మాత్రం ఎక్కువగా ఇంగ్లిషులోనే ఎదురవుతాయి. తెలుగు వాచకం పూర్తయ్యేదాకా ఇవేవీ ఆగవు.

ఒక్క మెసేజ్ తీసుకుందాం. ‘క్రెడిటెడ్’ అంటే డబ్బులు పడ్డాయి, ‘డెబిటెడ్’ అంటే కట్ అయ్యాయి. ఇంగ్లిషులో రెండింటి చివరి నాలుగు అక్షరాలూ ఒకటే కాబట్టి కొత్తగా చదివేవాళ్లు తికమకపడతారు. మొదటిది సీనా, డీనా చూడమంటే తేడా దొరుకుతుంది. ఆ డీయే ‘డేట్’లోనూ ఉంది, అక్కణ్నుంచి గోలీల షీటుకు వెళ్లొచ్చు. ఈ, ఎక్స్, పీ అనే మూడక్షరాలు, పక్కన నెల, సంవత్సరం. నాలుగు గోలీలే అడిగితే మెడికల్ షాపులో షీటు కత్తిరించి ఇస్తారు; తేదీ ఉన్న కొస అక్కడే మిగిలిపోవచ్చు. ఆ ముక్క చూపించమని అడగడమూ ఈ చదువులో భాగమే. పీ వచ్చాక ‘పిన్’, ‘పే’ ఎంతో దూరం కాదు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, రావడానికి కాదన్న సంగతి ఆ పాఠంలోనే చెప్పాలి.

ఇలాగైతే మాటల ఆకారాలు గుర్తుపెట్టుకోవడమే తప్ప చదవడం రాదని కొందరి అభ్యంతరం. అది కొట్టిపారేయదగ్గది కాదు. తెలిసిన మాటలోంచి అక్షరాన్ని విడదీసి మరో మాటలో చూపించకపోతే అలాగే జరుగుతుంది. అయితే తెలుగులా ఇంగ్లిషులో రాసిందంతా రాసినట్టు పలకదు, కొన్ని మాటలు మొత్తంగా గుర్తుండాల్సిందే. చదువును వాడుకతో ముడిపెట్టాలనడానికి ఆధారమూ ఉంది. లైబీరియాలోని వాయ్ ప్రజలకు సొంత లిపి ఉంది, దాన్ని బడి బయటే నేర్చుకుంటారు. వాళ్లను పరిశీలించి సిల్వియా స్క్రిబ్నర్, మైకేల్ కోల్ 1981లో పుస్తకం తెచ్చారు. అక్షరం వచ్చినంత మాత్రాన ఆలోచనా శక్తి మొత్తం మారిపోదని, ఏ పనికి అక్షరాన్ని వాడతారో ఆ పనికి సంబంధించిన నేర్పే పెరుగుతుందని వాళ్లు తేల్చారు.

ఫోనే చదివి వినిపిస్తుంటే ఇదంతా దేనికనే వాళ్లూ ఉన్నారు. ఫోను మాట పలుకుతుంది. ఏ అంకె మిగిలిన సొమ్మో, ఏది ఖాతా నంబరో వినేవాళ్లకే తెలియాలి. సంతకం వస్తే చాలన్న మాటా చెల్లదు: ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తేనే జనగణన అక్షరాస్యులంటుంది. పదిహేనేళ్లు దాటినవాళ్ల కోసం 2022 నుంచి 2027 వరకు నడిచే ఉల్లాస్ పథకంలో ఆర్థిక, డిజిటల్ అక్షరాస్యతలను జీవన నైపుణ్యాల కింద చేర్చారు. కాబట్టి అందులో చదువు చెప్పే వలంటీర్లు నేర్చుకునేవాళ్ల ఫోన్లలోని మెసేజ్‌లనే పాఠంగా తీసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఖాతా నంబరు, ఓటీపీ బోర్డు మీదికి ఎక్కకూడదు.